లక్ష వ్యూస్ వద్దు, ముప్పై నాలుగు ఇళ్లు చాలు



పైన పెట్టిన వీడియోలో మా ఊరి మర దగ్గర బియ్యం ఆడించడం, జల్లెడ పట్టడం, సంచుల మీద ఇంటి పేర్లు రాయడం చూపించాను. ఇలాంటి వీడియో పెట్టిన ప్రతిసారీ ఫోన్ చేసేవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, పండించడం నేర్చుకున్నాం. జీవామృతం కలపడం వచ్చింది, ఘనజీవామృతం చెయ్యడం వచ్చింది. అమ్ముకోవడం ఎలా?" వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ కూర్చుని రాస్తున్నా. ఇది నా అభిప్రాయం. నా అనుభవం నుంచి వచ్చింది. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఉండాలి కూడా.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ ఫోన్ల కాలంలో మన రైతులు కొనేవాళ్లని వెతకడం మీద పెట్టే కష్టంలో సగం కూడా, ఒకసారి కొన్నవాళ్లని నిలుపుకోవడం మీద పెట్టడం లేదు. అందుకే పంట మంచిగా పండించి కూడా అమ్ముకునే దగ్గర నష్టపోతున్నాం.

ఆరు వందల ఫోన్లు

మాది కృష్ణా డెల్టా. ఐదెకరాల్లో సార్వాకి దేశీ వరి, ఆ తర్వాత మినుము, గట్ల మీద కంది. చిట్టిముత్యాలు, బహురూపి ఎక్కువ వేస్తాను. ఒక అరెకరంలో నవార.

2021లో ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చి మా పొలం వీడియో తీశారు. మంచిగానే మాట్లాడించారు. తీరా పెట్టేటప్పుడు పైన పెద్ద అక్షరాలతో "ఎకరాకి లక్షల్లో ఆదాయం" అని పెట్టారు. నేను ఆ మాట అనలేదు. ఎందుకు పెట్టారండీ అంటే, "అలా పెట్టకపోతే ఎవరూ చూడరు సార్" అన్నారు. నిజమే, రెండు లక్షల మంది పైగా చూశారు.

ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ ఆగలేదు. మా ఆవిడ నోట్‌బుక్‌లో రాసిన లెక్క ప్రకారం ఆరు వందల పైచిలుకు ఫోన్లు. పొద్దున ఐదింటికి దుక్కిలో ఉన్నా ఫోన్, రాత్రి పదకొండుకి పడుకున్నా ఫోన్. సగం మంది మనలాంటి రైతులే, విత్తనం అడగడానికి. కొంతమంది ఊరికే మాట్లాడటానికి. కొనేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికి కిలో, రెండు కిలోలు శాంపిల్ పంపాం. పార్శిల్ ఖర్చు బియ్యం ఖరీదుకి దగ్గరగా వచ్చేది. అలా మూడు క్వింటాళ్లు వెళ్లాయి.

ఏడాది తిరిగాక నోట్‌బుక్ తీసి చూసుకుంటే ఆ ఆరు వందల మందిలో మా దగ్గర నిలిచినవాళ్లు ముగ్గురు. ముగ్గురే. అంతకు ముందు నుంచి మా దగ్గర కొంటున్న పాతవాళ్లలో నలుగురు మాత్రం వెళ్లిపోయారు. ఎందుకని అడిగితే ఒకావిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మీరు ఫోన్ ఎత్తట్లేదు బాబూ. మూడుసార్లు చేశాను. పెద్దవాళ్లయిపోయారులే అనుకున్నాను."

కొత్త ఆరు వందల మంది కోసం, ఉన్న నలుగురిని పోగొట్టుకున్నాను. తప్పు ఛానల్ వాళ్లది కాదు, నాదే.

లెక్క వేసుకుందాం

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. మీ పొలం లెక్క మీరు వేసుకోండి. నేను నాది చెప్తా.

దేశీ వరి మా దగ్గర ఎకరాకి 16 బస్తాలు, 75 కిలోల బస్తా. ఐదెకరాలకి 80 బస్తాలు. సింగిల్ పాలిష్ పట్టిస్తే బస్తాకి 50 కిలోల బియ్యం. మొత్తం 4,000 కిలోలు.

ఒక ఇంట్లో నలుగురుంటే నెలకి ఇరవై కిలోల బియ్యం అనుకుందాం. పట్నంలో అందరూ పూర్తిగా మన బియ్యమే తినరు. టిఫిన్లకి, చుట్టాలొస్తే వండటానికి మామూలు బియ్యం కూడా వాడతారు. కాబట్టి సగమే మన దగ్గర తీసుకుంటారనుకుందాం. నెలకి పది కిలోలు, ఏడాదికి 120 కిలోలు.

4,000ని 120తో భాగించండి. ముప్పై మూడు చిల్లర. అంటే ముప్పై నాలుగు ఇళ్లు. ఐదెకరాల రైతుకి కావాల్సింది అంతే! రెండెకరాల రైతుకైతే పద్నాలుగు ఇళ్లు. మన ఊరి నుంచి హైదరాబాద్, విజయవాడ వెళ్లి స్థిరపడ్డవాళ్లనే లెక్కపెడితే అంతకంటే ఎక్కువ ఉంటారు. మరి మనం లక్ష వ్యూస్ కోసం ఎందుకు పాకులాడుతున్నాం?

రెండో లెక్క. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకి సుమారు 1,777. మామూలు రకం ఎకరాకి 30 బస్తాలు పండితే 53 వేల పైచిలుకు. మన దేశీ బియ్యం కిలో 85కి అమ్మితే బస్తాకి 4,250. అందులో మర, జల్లెడ, సంచులు, రవాణా, తరుగు అన్నీ కలిపి నాకు 750 దాకా పోతుంది. మిగిలేది 3,500. పదహారు బస్తాలకి 56 వేలు.

చూశారా? 53 వేలు, 56 వేలు. అమ్మకం దగ్గర తేడా పెద్దగా లేదు. ఎరువులు, పురుగుమందుల ఖర్చు లేకపోవడం, నేల బాగుపడటం, మనం తినే తిండి, ఇవీ మనకి మిగిలేవి. ఇంత సన్నటి తేడా ఉన్నచోట, ఒక్కో కొత్త మనిషిని వెతకడానికి శాంపిల్ ఖర్చు, పార్శిల్ ఖర్చు, ప్రకటన ఖర్చు పెడితే ఆ మూడు వేలు కూడా గాలికి పోతాయి. అదే మనిషి ఐదేళ్లు మన దగ్గరే కొంటే ఆ ఖర్చు ఒక్కసారితో అయిపోతుంది. పాత ఇల్లు నిలబడితేనే ఈ వ్యవసాయం గిట్టుబాటు.

వాడిక అనే పాత మాట

దీనికి కస్టమర్ రిలేషన్‌షిప్ అని, ఇంకోటని పెద్ద పేర్లు పెట్టి వర్క్‌షాపుల్లో చెప్తున్నారు. మన దగ్గర దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది. వాడిక. పాలు వాడిక పోస్తారు. పాలామె రోజూ అదే ఇంటికి వస్తుంది. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, పిల్లాడికి జ్వరమొస్తే ఎన్ని పాలు తగ్గించాలో, పండక్కి ఎన్ని ఎక్కువ కావాలో ఆమెకి తెలుసు. గేదె వట్టిపోతే ముందే చెప్తుంది, "వచ్చే నెల నుంచి అర లీటరే పోస్తానమ్మా" అని. నీళ్లు కలిపితే ఆ రోజే తెలిసిపోతుంది. అయినా ఇల్లు మారదు, ఎందుకంటే రేపు పొద్దున మళ్లీ ఆ గుమ్మం దగ్గర నిలబడాలి.

మధ్యలో దళారి వచ్చాక వాడిక పోయింది. మన ధాన్యం ఎవరు తింటున్నారో మనకి తెలీదు. తినేవాళ్లకి మనం తెలీదు. 1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు కూరగాయల రైతుకి కొంతవరకు ఆ ముఖాముఖి మళ్లీ దొరికింది. వరి రైతుకి, అపరాల రైతుకి ఆ అవకాశం ఫోన్‌తోనే వచ్చింది. 2016 తర్వాత నెట్ చవకయింది, యూపీఐ వచ్చింది. పొలం గట్టు మీద నిలబడి కూకట్‌పల్లిలో ఉన్న ఇంటికి పంట చూపించొచ్చు, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఇంత మంచి పనిముట్టు చేతికొచ్చింది. దాన్ని మనం వాడికకి వాడుతున్నామా, మైకులో అరవడానికి వాడుతున్నామా అన్నదే ప్రశ్న.

జపాన్‌లో 1970ల నుంచే సేంద్రియ రైతులు, తినే కుటుంబాలు కలిసి "తెయికెయి" అనే పద్ధతి నడుపుతున్నారు. పంట మంచిగా వచ్చినా, తగ్గినా ఆ కుటుంబాలు ఆ రైతు దగ్గరే తీసుకుంటాయి. అప్పటికి వాట్సాప్ లేదు, స్మార్ట్ ఫోన్ లేదు. నిలబెట్టింది ఒకరి మీద ఒకరికున్న నమ్మకం. ఫోన్ ఉంటే ఆ నమ్మకాన్ని దూరం నుంచి కాపాడుకోవడం తేలికవుతుంది, అంతే. నమ్మకాన్ని ఫోన్ పుట్టించదు.

తుఫాను ఏడాది

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో ఉన్నవాళ్లకి ఆ రోజులు చెప్పక్కర్లేదు. మాది కోతకి వచ్చిన చేను. దేశీ రకాలు పొడుగు కదా, మొత్తం పడిపోయింది. కోసిన రెండెకరాల పనలు నీళ్లలో తేలాయి. నాలుగో రోజుకి కంకి మీదే మొలకలు. కోతకి ముందు చల్లిన మినుములు కూడా కుళ్లిపోయాయి.

అప్పటికి మాకు ముప్పై ఎనిమిది ఇళ్లు ఉన్నాయి. సంక్రాంతికి కొత్త బియ్యం పంపుతానని అందరికీ చెప్పి ఉన్నా. నీళ్లు తీశాక చూస్తే ఎప్పుడూ వచ్చేదాంట్లో సగం వచ్చేట్టు కూడా లేదు. ఆ సగం కూడా రంగు మారింది, మరకి వేస్తే నూక ఎక్కువ పడుతుంది.

ఆ సాయంత్రం పక్క ఊరి వ్యాపారి ఒకాయన వచ్చాడు. మంచి మనిషే. "నా గోడౌన్‌లో పాత చిట్టిముత్యాలు ఉన్నాయి. మందులు వేసినవే అనుకో. నీ సంచుల్లో పోసి పంపించు, ఈ ఏడాదికి గడిచిపోద్ది. తినేవాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. అబద్ధం ఎందుకు, నాకు ఆశ పుట్టింది. పెట్టుబడి అప్పు ఉంది, పిల్లాడి ఫీజు ఉంది. రాత్రంతా లెక్కలేసుకున్నా. కిలోకి నలభై రూపాయలు మిగులుతుంది.

పొద్దున మా ఆవిడ ఒక్కమాట అంది. "వాళ్లకి తెలీదు సరే. వచ్చే ఏడాది వీడియోలో నువ్వు ఏం మొహం పెట్టుకుని మాట్లాడతావ్?"

అంతే. ఫోన్ తీసుకుని చేలోకి దిగి ఒకటిన్నర నిమిషం వీడియో తీశాను. మోకాలి లోతు నీళ్లు, మొలకెత్తిన కంకులు అన్నీ చూపించాను. నాలుగు మాటలు చెప్పాను. ఒకటి, ఈసారి ఒక్కో ఇంటికి సగమే పంపగలను. రెండు, బియ్యం కాస్త రంగు తక్కువ ఉంటాయి, నూక ఉంటుంది. మూడు, కిలో 85 రూపాయలు, అంతకి పైసా పెంచను. నాలుగు, మిగతా సగానికి నిజామాబాద్ వైపు నాకు తెలిసిన ప్రకృతి సాగు రైతు ఉన్నాడు, కావాలంటే ఆయన నంబర్ ఇస్తాను.

ఐదు ఇళ్లు వెళ్లిపోయాయి. ముప్పై మూడు ఉన్నాయి. ఒకాయన గట్టిగానే అడిగాడు, "నూకలున్న బియ్యానికి కూడా అదే రేటా అండీ?" అని. కోపమొచ్చింది కానీ ఆలోచిస్తే ఆయన అన్నది న్యాయమే. నూక ఎక్కువ పడ్డ సంచులకి కిలో 60 వేసి, ఇడ్లీ రవ్వకి, ఉప్మాకి బాగుంటాయని చెప్పి పంపాను. విజయవాడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు మాత్రం అడక్కుండానే వచ్చే ఏడాది బియ్యానికి డబ్బు ముందే పంపించారు. "మళ్లీ నాట్లు వెయ్యాలి కదా నాయనా, అప్పుడు ఇవ్వడం కంటే ఇప్పుడు ఇస్తే పనికొస్తుంది" అన్నారు. ఆవిడని చూసి ఇంకో ఆరు ఇళ్ల వాళ్లు పంపారు. ఆ డబ్బుతోనే నారుమళ్లు పోశాం.

అడ్వాన్సు గురించి ఒక హెచ్చరిక. అది మన డబ్బు కాదు, అప్పు. నోట్‌బుక్‌లో అప్పు అనే రాసుకోండి. పంట పోతే ఎలా సర్దుతామో ముందే చెప్పండి. చెప్పకుండా తీసుకున్న అడ్వాన్సు వాడికని చంపేస్తుంది.

ఫోన్‌లో మేం చేసే పని

ఇప్పుడు పనికొచ్చే సంగతులు చెప్తా. ఇవన్నీ ఖర్చు లేనివి.

వాట్సాప్ గ్రూప్‌లో వెయ్యి మందిని దాకా చేర్చుకోవచ్చు. చెయ్యొద్దు. గ్రూప్‌లో ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది, గుడ్ మార్నింగ్ బొమ్మలొస్తాయి, రాజకీయాలొస్తాయి, ఇంకెవరో వచ్చి తేనె అమ్ముతారు. నెల తిరిగేసరికి అందరూ మ్యూట్ చేస్తారు. దానికంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు. మనం ఒకసారి పంపితే ఒక్కొక్కరికి విడిగా వెళ్తుంది, జవాబు మనకొక్కరికే వస్తుంది. ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు, మనకి చాలా ఎక్కువ. అయితే ఒక మెలిక ఉంది. మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి ఉంటేనే ఆ మెసేజ్ చేరుతుంది. చాలామంది రైతులు ఇది తెలీక, "పంపాను, ఎవరూ పలకలేదు" అనుకుంటారు. మొదటిసారి బియ్యం పంపినప్పుడే, "అమ్మా, నా నంబర్ సేవ్ చేసుకోండి" అని అడగండి. సంచి మీద కూడా రాయండి.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక్కో పేరుకి లేబుల్ పెట్టుకోవచ్చు. డబ్బు రావాల్సినవాళ్లు, ఈ నెల పంపాల్సినవాళ్లు, కొత్తవాళ్లు అని. సరుకు ఫొటోలు, ధరలు క్యాటలాగ్‌లో పెట్టుకుంటే రోజుకి పదిసార్లు రేటు చెప్పే పని తప్పుతుంది. అయినా నేను మాత్రం మా ఆవిడ రాసే నోట్‌బుక్‌నే ఎక్కువ నమ్ముతా. ఒక్కో ఇంటికి ఒక పేజీ. ఎంతమంది ఉంటారు, ఏ రకం ఇష్టం, సింగిల్ పాలిషా, దంపుడా, చివరిసారి ఎప్పుడు పంపాం, ఏం ఫిర్యాదు చేశారు. అమ్మాయి కాన్పుకి వచ్చిందని ఒకావిడ చెప్తే అది కూడా రాసుకుంది. నెల తర్వాత ఫోన్ చేసినప్పుడు "పాప బాగుందా అమ్మా" అని అడిగింది. దీన్ని ఏ యాప్ నేర్పదు.

నెలకి రెండు మెసేజ్‌లు చాలు. ఒకటి పొలం సంగతి: నాట్లు పడ్డాయి, కలుపు తీస్తున్నాం, అగ్గితెగులు కనిపించింది, పుల్లమజ్జిగ కొట్టాం. ఇందులో అమ్మకం మాట ఉండకూడదు. రెండోది బియ్యం ఆడించే తేదీ: ఫలానా రోజు మర పడతాం, కావాల్సినవాళ్లు రెండు రోజుల ముందు చెప్పండి. మిగతా రోజువారీ ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకోండి, చూడాలనుకున్నవాళ్లు చూస్తారు.

ఫోన్ ఎత్తే వేళ కూడా చెప్పేయండి. మేం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు అని చెప్పాం. ఆ రెండు గంటలు ఏ పనున్నా ఎత్తుతాం. ఎత్తలేకపోతే ఆ రాత్రే తిరిగి చేస్తాం.

ఫిర్యాదు వస్తే

మన బియ్యం మీద వచ్చే ఫిర్యాదులు రెండే. పురుగు పట్టింది, అన్నం ముద్దయింది.

పురుగు ఎందుకు పడుతుందో మనకి తెలుసు. తవుడు పొర ఉన్న బియ్యం, అందులో మందు కలపం. ఎక్కువ రోజులు ఉంటే పురుగు పడుతుంది, తవుడులో నూనె వల్ల ముక్కవాసన కూడా వస్తుంది. "పురుగు పడితేనే మంచి బియ్యం అమ్మా" అని తప్పించుకునే రైతుల్ని చూశాను. అది తప్పు. వంద రూపాయల దగ్గర పెట్టి కొన్నావిడ డబ్బా తెరిస్తే పురుగులు కనిపిస్తే ఆవిడకెలా ఉంటుంది? నిల్వ ఉంచాల్సింది ధాన్యంగా, బియ్యంగా కాదు. నెలకోసారి ఆడించి ఆ నెలకి సరిపడా మాత్రమే పంపండి. అయినా పురుగు పడితే సంచి వెనక్కి తెప్పించి కొత్తది పంపండి, ఖర్చు మీరే పెట్టుకోండి. ఏడాదిలో రెండు మూడు సంచులకి మించి రావు. ఆ ఖర్చుకి ఒక ఇల్లు నిలబడుతుంది.

అన్నం ముద్దవడం మాత్రం సగం మన తప్పు. కోసిన వెంటనే కొత్త ధాన్యం ఆడించి పంపేస్తాం. కొత్త బియ్యం ముద్దవుతాయని మన అమ్మలకి తెలుసు, పట్నంలో పుట్టిన అమ్మాయికి తెలీదు. ధాన్యం ఐదారు నెలలు మాగనిచ్చి ఆడించండి. వండే పద్ధతి చెప్పండి. మేం మొదటి సంచితో పాటు చిన్న కాగితం పెడతాం: సింగిల్ పాలిష్ అయితే అరగంట నానబెట్టి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు, దంపుడు బియ్యమైతే రాత్రే నానబెట్టి మూడు గ్లాసులు. సంచి చేరిన మూడో రోజు మా ఆవిడ ఫోన్ చేసి, "అన్నం ఎలా వచ్చిందమ్మా" అని అడుగుతుంది. మొదటి నెలలో వెళ్లిపోయేవాళ్లు సగానికి సగం తగ్గింది ఈ ఒక్క ఫోన్‌తోనే.

చెప్పకూడని మాటలు

ఇది కొంచెం కటువుగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

"ఈ బియ్యం తింటే షుగర్ పోతుంది, క్యాన్సర్ రాదు" అని పెట్టి అమ్మేవాళ్లు మనలోనే ఉన్నారు. షుగర్ లాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. చట్టం సంగతి పక్కన పెట్టండి. మన మాట నమ్మి ఒక పెద్దాయన మాత్రలు మానేస్తే ఆ పాపం ఎవరిది? దేశీ బియ్యంలో పీచు ఉంటుంది, మందులు లేకుండా పండించాం, రుచి బాగుంటుంది. ఇవి చాలవా?

సర్టిఫికెట్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేరుగా తినేవాళ్లకి అమ్ముకునే చిన్న రైతుకి 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనల్లో మినహాయింపు ఉంది. కానీ జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. దుకాణాలకి ఇవ్వాలంటే సర్టిఫికెట్ కావాలి. కనీసం ఐదుగురు రైతులు కలిస్తే పీజీఎస్ గుంపుగా చేరొచ్చు, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. లేకపోతే "సర్టిఫికెట్ లేదండీ, పొలం మాత్రం ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి" అని చెప్పండి. ఏడాదికి ఒక ఆదివారం మేం అందర్నీ పిలుస్తాం. పదీ పదిహేను కుటుంబాలు వస్తాయి. పిల్లలు బురదలో దిగుతారు, గట్టు మీదే భోజనాలు. ఒకసారి వచ్చి వెళ్లిన ఇల్లు మమ్మల్ని ఎప్పుడూ సర్టిఫికెట్ అడగలేదు.

సరుకు అయిపోతే అయిపోయిందని చెప్పండి. పక్కవాడి సరుకు ఇస్తే పక్కవాడిదని, అతని పేరుతోనే ఇవ్వండి.

అందరికీ కుదురుతుందా?

మిత్రులు కొంతమంది నాతో వాదిస్తారు. "నీకు మాటకారి భార్య ఉంది, మర దగ్గరుంది, ఆర్టీసీ కార్గో దగ్గరుంది. కౌలు రైతుకి ఇదెలా కుదురుతుంది? వచ్చే ఏడాది ఆ పొలం ఉంటుందో లేదో తెలీనివాడు ముప్పై ఇళ్లకి మాటెలా ఇస్తాడు?" అని. సరైన ప్రశ్నే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ధాన్యం ఆరు నెలలు ఆపుకోవడానికి చేతిలో డబ్బుండాలి, ఆరబెట్టడానికి కల్లం ఉండాలి. అవి లేని రైతుకి నీతులు చెప్పి లాభం లేదు.

నాకు తోచిన దారి పదిమంది కలవడమే. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లతో రైతులు ధరణి అనే సహకార సంఘం పెట్టుకుని కొర్రలు, వేరుశనగ తామే శుభ్రం చేసి అమ్ముకుంటున్నారు. అంత పెద్దది కాకపోయినా, ఊళ్లో పదిమంది కలిసి ఒక మర, ఒక గది, ఫోన్ పట్టుకోవడానికి చదువుకున్న ఒక అమ్మాయికి జీతం పెట్టుకోవచ్చు. అయితే ఒక్క షరతు. సంచి మీద సంఘం పేరుతో పాటు పండించిన రైతు పేరు కూడా ఉండాలి. అందరి ధాన్యం కలిపేసి ఒకే పేరుతో పోస్తే, మళ్లీ మనం ఎవరికీ తెలీనివాళ్లమైపోతాం. దళారికీ సంఘానికీ తేడా ఉండదు.

ఇంకొకరంటారు, "ఇలా ముప్పై ఇళ్లతో ఉంటే ఎప్పుడు ఎదుగుతావు? బ్రాండ్ చెయ్యి, ఆన్‌లైన్‌లో పెట్టు." ఎదగాలనుకునేవాళ్లు ఎదగండి, తప్పు లేదు. నాకున్నది ఐదెకరాలు. పొలం పెరగకుండా అమ్మకం ఒక్కటే పెరగాలంటే దారి ఒకటే, ఇంకొకరి దగ్గర కొని నా పేరుతో అమ్మడం. అప్పుడు నేను రైతుని కాదు, వ్యాపారిని. ఆ వ్యాపారి గోడౌన్ ముందు ఒక రాత్రి నిలబడి వచ్చినవాణ్ణి కాబట్టి, అటువైపు వెళ్లదలచుకోలేదు.

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. గత రెండేళ్లలో మీ దగ్గర ఒక్కసారైనా కొన్నవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. ఇప్పుడు కొనడం మానేసినవాళ్ల పేర్ల పక్కన చుక్క పెట్టండి. రేపు సాయంత్రం వాళ్లలో ఐదుగురికి ఫోన్ చెయ్యండి. అమ్మడానికి కాదు. "మా బియ్యం ఎందుకు మానేశారండీ, ఏం నచ్చలేదు?" అని అడగండి. మధ్యలో అడ్డు రాకుండా వినండి, రాసుకోండి. నాకు ఫోన్ ఎత్తట్లేదని చెప్పి వెళ్లిపోయినావిడ ఉంది చూశారా, ఆవిడకి కూడా ఇలాగే ఫోన్ చేశాను. ఇప్పుడు ఆవిడ, ఆవిడ కూతురు, ఎదురింటివాళ్లు, మూడు ఇళ్లకీ మా బియ్యమే వెళ్తున్నాయి. పైన వీడియోలో మొదట కట్టిన మూడు సంచులు వాళ్లవే.

వచ్చే నెల ఎనిమిదో తారీఖున మళ్లీ మర పడతాం. ఆ రోజు దంపుడు బియ్యం ఆడించే పద్ధతి, జల్లెడలు మార్చడం వీడియో తీసి పెడతాను. మీ లెక్క ఎన్ని ఇళ్లు వచ్చిందో నాకు రాయండి.